శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం: పూజ – అపచారం

‘శ్రీ’ అంటే సాలీడు, ‘కాళం’ అంటే పాము, ‘హస్తి’ అంటే ఏనుగు. ధూర్జటి కావ్యాన్ని గురించిన చర్చ తరచుగా ఈ వ్యుత్పత్తితో మొదలై అక్కడే ఆగిపోతుంది. అప్పుడది స్థలపురాణానికి పద్యరూపంగానే మిగులుతుంది. కథలను కలిపి చదివితే వేరొక ప్రశ్న ఎదురవుతుంది: ఒకరి పూజ మరొకరికి అపచారంగా ఎందుకు తోస్తుంది?

పాము లింగాన్ని మణులతో అలంకరిస్తుంది. ఏనుగు వాటిని తొలగించి, నీటితో అభిషేకించి, పత్రపుష్పాలు ఉంచుతుంది. దానికి మణులు రాళ్ళు. పాముకు ఆ ఆకులు చెత్త. ఒకదాని పూజను మరొకటి చూడదు. చెదిరిన తన పూజనే చూస్తుంది. చివరకు పాము తొండంలో దూరుతుంది, ఏనుగు తలను రాతికి మోదుకుంటుంది. రెండింటి చావుకూ కారణం భక్తే.

తిన్నని కథలో ఈ వివాదం మనుషుల మధ్యకు వస్తుంది. మాంసనైవేద్యం చూసి అర్చకుడు తల్లడిల్లుతాడు. శివుడు వాదించడు, చాటున నిలిచి చూడమంటాడు. మృగాలకు దక్కని అవకాశం ఇదే. తిన్నడు కన్ను పెకలించి అర్పించే ఘట్టం ఈ ‘చూడటం’ తరువాత రావడం గమనార్హం. పెరియపురాణంలోను, పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోను ఇది భక్తచరిత్ర. మృగాల కథ వెంట రావడంతో ధూర్జటిలో దీని అర్థవ్యాప్తి పెరిగింది.

సాలీడు దారాలతో అల్లిన గుడిని దీపజ్వాల కాల్చివేస్తుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. పోలిక కాకతాళీయమే కాని, కావ్యపాఠకునికి సాలీడు గుర్తుకు రాకమానదు. ఆ స్థానంలో నిర్మించిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది.

నేటి యాత్రికులలో చాలామంది రాహుకేతు పూజకై వస్తారు. కావ్యంలో భక్తుడైన సర్పం వారికి తొలగించుకోవలసిన దోషం. ఈ మార్పును క్షీణతగా కొట్టిపారేసే విమర్శకుడు ఏనుగు చేసిన పనే చేసినవాడవుతాడు. యాత్రాచారంలోనే కావ్యతర్కం కొంత నిలిచి ఉంది: గ్రహణకాలాన్ని అశౌచంగా భావించి ఇతర ఆలయాలు తలుపులు మూస్తాయి, శ్రీకాళహస్తిలో అదే సమయంలో తలుపులు తెరిచి అభిషేకం చేస్తారు.