అన్ని దగ్గులూ టీబీ కావు

ఏళ్ల తరబడి దగ్గు, పొద్దున లేస్తూనే దోసిలినిండా కళ్లె, అప్పుడప్పుడు అందులో నెత్తుటి చార. ఇలా వచ్చిన మనిషికి ఉన్నది టీబీయా, ఉబ్బసమా, శ్వాసనాళాలు వెడల్పైపోయి మళ్లీ మామూలు స్థితికి రాని బ్రాంకియెక్టేసిసా? చెప్పుకునే బాధలు దాదాపు ఒకటే. ఎక్స్‌రేలో గుండె, పక్కటెముకలు, రక్తనాళాలు ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయి కాబట్టి తొలిదశ మార్పులు చాలాసార్లు దొరకవు.

బ్రాంకియెక్టేసిస్‌ను ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లోనే వర్ణించాడు. బతికున్న మనిషిలో దాన్ని స్పష్టంగా చూడటానికి మరో వందేళ్లు పట్టింది. 1922లో సికార్, ఫారెస్టియే అనే వైద్యులు అయొడిన్ కలిసిన నూనెను శ్వాసనాళాల్లోకి పంపి ఎక్స్‌రే తీశారు. అసలే ఊపిరాడని రోగికి అదెంత యాతనో! 1980లలో, మిల్లీమీటరు మందపు పొరలుగా ఊపిరితిత్తిని చూపే హైరిజల్యూషన్ సీటీ వచ్చాక ఆ నూనెతో పని తీరింది.

అనుభవమున్న రేడియాలజిస్టు తెరమీద పొరలు జరుపుతూ ముందు జబ్బు పేరు వెతకరు, ఒక జంటను చూస్తారు. ప్రతి శ్వాసనాళం వెంటా ఒక రక్తనాళం నడుస్తుంది. అడ్డకోతలో శ్వాసనాళం నల్లటి సున్నాగా, రక్తనాళం తెల్లటి చుక్కగా కనిపిస్తాయి. మామూలుగా రెండూ ఇంచుమించు ఒకే కొలత. సున్నా పెద్దదై, దాని అంచున చుక్క పొదిగిన రాయిలా ఉంటే దాన్ని ‘ఉంగరం గుర్తు’ అంటారు. పెద్ద వయసువాళ్లలో జబ్బేమీ లేకున్నా సున్నా కాస్త పెద్దదిగా ఉండొచ్చు. అందుకే ఒక్క ఉంగరంతో తీర్పు చెప్పరు. నాళం ముందుకు పోయేకొద్దీ సన్నబడుతోందా, ఊపిరితిత్తి పైపొరకు సెంటీమీటరు దూరంలోనూ కనిపిస్తోందా అని కూడా చూస్తారు.

తర్వాతి ప్రశ్న: ఎక్కడ? పాత టీబీ ఎక్కువగా పైభాగాల్లో మచ్చకట్టి ముడుచుకుపోతుంది, ఆ లాగుడుకు నాళాలు సాగిపోతాయి. రోగనిరోధక ప్రొటీన్లు తక్కువైనవాళ్లలో అడుగుభాగాలు దెబ్బతింటాయి. గుండె కుడివైపున ఉండి నాళాలూ వెడల్పైతే, పుట్టుకతో వచ్చే కార్టజెనర్ సిండ్రోమ్‌ను తలచుకోవాలి. సన్నటి నాళాల్లో చీము నిండితే ‘చిగురించిన కొమ్మ’ గుర్తు కనిపిస్తుంది. టీబీ నాళాల వెంట పాకుతున్నప్పుడు ఇది మామూలే, కానీ ఇతర ఇన్ఫెక్షన్లలోనూ వస్తుంది. కళ్లె పరీక్ష చేయకుండా దాన్ని టీబీ అనడం తొందరపాటు. ఊపిరి వదిలించి తీసే పొరలు మరో సంగతి చెబుతాయి: గాలి బయటికి పోలేక ఇరుక్కున్న చోట్లు నల్లగానే మిగిలిపోతాయి. చిన్న నాళాల జబ్బు లోపలికి పీల్చినప్పుడు తీసిన స్కాన్‌లో బయటపడకుండా, ఇక్కడ దొరికిపోవచ్చు.

నా మటుకు, మన దేశంలో ఈ విద్య విలువ అన్నిటికన్నా బాగా తెలిసేది ఏబీపీఏ దగ్గర. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజుకు వచ్చే ఎలర్జీ జబ్బు ఇది. ఎక్స్‌రేలో వచ్చిపోయే నీడలను చూసి టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడినవాళ్లు ఎందరో. సీటీలో మధ్య నాళాలు వెడల్పై ఉంటాయి, వాటిలో కళ్లె గడ్డకట్టి ఉంటుంది. కొందరిలో ఆ గడ్డ వెన్నుపక్క కండకన్నా తెల్లగా మెరుస్తుంది. మామూలు కళ్లె సాధారణంగా కండకన్నా మసకగానే ఉంటుంది కనుక, ఆ తెలుపు కనిపిస్తే దాదాపు జబ్బు పేరు చెప్పినట్టే. ఐజీఈ రక్తపరీక్షలు దాన్ని ఖాయం చేస్తాయి. దీనికి మందులు స్టెరాయిడ్లు, ఫంగస్ మందులు. టీబీ మాత్రలతో తగ్గేది కాదు.

2,195 మంది భారతీయ బ్రాంకియెక్టేసిస్ రోగుల వివరాలతో 2019లో వెలువడిన అధ్యయనంలో, మూడో వంతుకు పైగా కేసులకు మూలం పాత టీబీయే. వాళ్లలో దగ్గు మళ్లీ మొదలైతే ‘టీబీ తిరగబెట్టింది’ అనేయడం తేలిక. మచ్చల మధ్య నాళాలు వెడల్పై, వాటిలో వేరే సూక్ష్మజీవులు చేరి ఉండొచ్చు కదా!

ఛాతీ సీటీ రేడియేషన్ ఎక్స్‌రేకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి దగ్గినప్పుడల్లా తీయించుకోకండి. తీయించుకుంటే మాత్రం రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోక, బొమ్మల సీడీ అడిగి తీసుకోండి. పాతవి పారేయకుండా ప్రతి డాక్టరు దగ్గరికీ వెంట పట్టుకెళ్లండి. టీబీ మందులు మొదలుపెట్టేముందు కళ్లె పరీక్ష ఏం చెప్పిందో అడగండి.