మొవ్వు వదిలిన అచ్చు

అగావే విక్టోరియే-రెజినే మెక్సికోకు చెందిన మరుగుజ్జు ఎడారి మొక్క. కోవావీలా, డురాంగో, న్యూవో లియోన్ రాష్ట్రాల్లోని సున్నపురాతి కొండచరియల మీద, రాతి పగుళ్లలో వేరూని పెరుగుతుంది. దీనికి 1875లో విక్టోరియా రాణి పేరు పెట్టినవాడు లండన్ చెల్సీ ఫిజిక్ గార్డెన్ క్యురేటర్ థామస్ మూర్. తెలుగు పల్లెల్లో పొలాలకు కంచెగా నాటే కిత్తనార దీనికి దగ్గరి చుట్టమే. అయితే కిత్తనార మట్టలు నిలువెత్తు పెరుగుతాయి. దీని ఆకు జానెడు దాటదు. బాగా ఎదిగిన మొక్క కూడా అడుగున్నర వెడల్పుకు మించడం అరుదు.

అందమంతా ఆకుల అమరికలోనే ఉంది. ముదురాకుపచ్చ రంగులో, దళసరిగా, అడుగున గట్టుదేరిన ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్రంగా సర్దుకుంటాయి. కిత్తనారకు ఉన్నట్టు అంచులకు ముళ్లు ఉండవు. వాటి బదులు తెల్లటి పట్టీ, కొసన నల్లటి ముల్లు ఉంటాయి. ఆకుల మీద సుద్దతో గీసినట్టు కనిపించే తెల్లని గీతలు మొవ్వులో ఉన్నప్పుడే ఏర్పడతాయి. అక్కడ ఆకులు ఒకదాన్నొకటి గట్టిగా హత్తుకుని ఉండటంతో, పక్క ఆకు అంచు ఈ ఆకు మీద అచ్చుగా పడుతుంది. విచ్చుకున్నాక కూడా ఆ అచ్చు చెరగదు.

ఈ మొక్క ఆకు రంధ్రాలను రాత్రి చల్లదనంలో తెరిచి గాలి పీల్చుకుంటుంది, పగలు మూసుకుంటుంది. నీటిని ఇంత పొదుపుగా వాడుకుంటుంది కాబట్టే పెంచేవారు దీన్ని పోగొట్టుకునేది నీళ్లు చాలక కాదు, ఎక్కువై. అడుగున రంధ్రం ఉన్న మట్టి కుండీ దీనికి మేలు. ఎర్రమట్టి ఒక వంతైతే ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి రెండు వంతులు వేయాలి. కుండీ మట్టి లోపలిదాకా ఆరాకే మళ్లీ నీరు పోయాలి. కోస్తా జిల్లాల్లో ముసురు పట్టే రోజుల్లో కుండీని చూరు కిందికి జరపడం తప్పనిసరి. అడుగు ఆకులు పసుపుబారి మెత్తబడితే మొదలు కుళ్లుతోందని అర్థం.

ఎండ చాలకపోతే ఆకులు సాగి, బిగువు పోతుంది. రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను మాత్రం ఒక్కసారిగా మండుటెండలో పెడితే ఆకులు కమిలిపోతాయి. రెండు మూడు వారాల్లో మెల్లగా అలవాటు చేయాలి. ఆకుల సందుల్లో పిండినల్లి చేరితే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవాలి. కుండీ మార్చేటప్పుడు చేతులకు తొడుగులు ఉండాలి. ముల్లు గుచ్చుకోవడమే కాక, రసం తగిలితే కొందరికి దురద పుడుతుంది.

ఈ జాతిలో చాలా మొక్కలకు పిలకలు రావు. ఇరవై ముప్పై ఏళ్లకు ఒక్కసారి, మూడు నాలుగు మీటర్ల పూకాడ వేసి, గింజలు పండాక మొక్క చనిపోతుంది. అందుకే దీని పెంపకం ప్రధానంగా గింజల మీదే ఆధారపడింది. గింజ మొలకెత్తడానికి రెండు మూడు వారాలు చాలు; మొలక చూడముచ్చటైన గుండ్రని రూపానికి రావడానికి ఏళ్లు పడుతుంది. అంతకాలం ఆగలేని వ్యాపారులు కొండల మీది మొక్కలనే పెకలించుకుపోయారు. ఆ దోపిడీని అదుపు చేయడానికి అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం రెండో అనుబంధం కింద నియంత్రిస్తున్నారు. కొనేటప్పుడు నర్సరీలో గింజ నుంచి పెంచిన మొక్కేనా అని అడిగి తీసుకోవాలి.