సగటు తీసిన దోషము పోవునా?

"కొలతలు పెరిగినకొలది దోషము తగ్గును" అని తరగతులలో బోధించుచున్నాము. ఇది అర్ధసత్యము మాత్రమే.

తిరుపతి–చిత్తూరు మార్గమున గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 53 మెగాహెర్ట్జ్ రాడారు ఉన్నది. 1024 జంట యాగీ ఏరియళ్లతో అది గాలిపొరలనుండి వచ్చు అత్యల్ప ప్రతిధ్వనులను గ్రహించును. సంకేతము మారకముందే 100 కొలతలను కూడినచో అది 100 రెట్లగును. యాదృచ్ఛికమైన రొద సుమారు 10 రెట్లే పెరుగును. ఇంతవరకు పాఠము సరియే.

కాని వేడిమివలన గ్రాహకపు మూలరేఖ మెల్లగా జరిగినచో, ఆ జరుగుడు సగటులోను నిలిచి, కదలని వస్తువు ప్రతిధ్వనివలె భ్రమ గొల్పును. దానిని వేరుగా కొలిచి తీసివేయవలెను. కణశోధకములలోను స్పందమునకు ముందే మూలరేఖను కొలుచుట ఇందుకొరకే.

ముల్లు సరిచూడని త్రాసుతో నూరుమార్లు తూచినను తప్పు తప్పే. ఈ రెండవ సగమును కూడ మన పాఠములలో చేర్పవలెను.