పన్నెండు వోల్టులేగా!

కారు బ్యాటరీ టెర్మినళ్ల మీద పొడి చేతులు చెరొకటి ఆనించినా ఒంటికి ఏమీ తెలియదు. 12 వోల్టులకు పొడి చర్మాన్ని దాటే సత్తా లేదు. అందుకేనేమో, దానికి మన దగ్గర బొత్తిగా మర్యాద లేదు. ఇంట్లో స్విచ్చు బోర్డు విప్పాలంటే మెయిన్ ఆపి, చెప్పులు తొడుక్కుని, ఎందుకొచ్చిన గొడవని చివరికి ఎలక్ట్రీషియన్‌నే పిలిచే పెద్దమనిషి, బోనెట్ ఎత్తేసరికి శూరుడైపోతాడు. "పన్నెండు వోల్టులేగా" అంటూ చేతికందిన పానాతో వంగుతాడు.

ఆ ధీమాతోనే నాకు పేచీ. వోల్టులు తక్కువే, ఆంపియర్ల సంగతి వేరు. గీజరు పెట్టుకునే పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది. సెల్ఫ్ కొట్టిన క్షణంలో చిన్న కారు మోటారు కూడా వంద ఆంపియర్లు దాటి లాగుతుంది. మధ్యలో మోటారు లేకుండా పానా నేరుగా రెండు టెర్మినళ్లనీ కలిపిందంటే, వందల ఆంపియర్లు ఆ ఇనుములోంచే పారతాయి. పానా కాలిపోతుంది, కొన్నిసార్లు టెర్మినల్‌కి అతుక్కుపోతుంది. ఆ దారిలో వేలి ఉంగరం ఉంటే, వేలి మీదే కాలుతుంది. జాతకం చూసి పెట్టించుకున్న పుష్యరాగం, తియ్యకూడదన్నారు అంటారు కొందరు. పది నిమిషాలు జేబులో ఉంటే ఏ గ్రహమూ అలగదు.

విజయవాడ ఆటోనగర్‌లో నాకీ పని చూపించిన మేస్త్రీ కారణాల జోలికి పోలేదు. "తీసేటప్పుడు నలుపు ముందు సార్, పెట్టేటప్పుడు నలుపు ఆఖర్న" అన్నాడు, అంతే. కారణం తర్వాత నేనే ఆలోచించుకున్నాను. కారు బాడీ మొత్తం నెగటివ్‌కే కలిపి ఉంటుంది. ఎర్ర టెర్మినల్ ముందు విప్పుతూ పానా కొస పక్కనున్న రేకుకి తగిలితే అది షార్టే. నలుపు ముందు విప్పితే, పానా రేకుకి తగిలినా నెగటివ్‌కి నెగటివ్, ఏమీ కాదు. అది ఊడాక ఎరుపు విప్పుతూ రేకుని తాకించినా కరెంటుకి తిరిగొచ్చే దారి లేదు. ఇంత తర్కాన్ని ఆయన ఒక్క వాక్యంలో కుదించేశాడు. ఆదివారాలు బండి కడగడం కంటే బోనెట్ కింద కాసేపు గడపడం నాకు ఇష్టం కావడానికి అలాంటి మాటలే కారణం.

చలికి బ్యాటరీ చస్తుందని మంచు దేశాల వాళ్లు చెబుతారు. మన దగ్గర దాన్ని చంపేది రోహిణి కార్తె. ఎండకి లోపలి నీరు ఇగురుతుంది, పాజిటివ్ పలకల జాలీని యాసిడ్ వేగంగా తినేస్తుంది. ఆ జబ్బు బయటపడేది మాత్రం ధనుర్మాసంలో, ఇంజనాయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి ఎక్కువ బలం కావాల్సి వచ్చిన పొద్దున. అందుకే ఎండాకాలం వెళ్లగానే ఓ మల్టీమీటరుతో కొలిచి చూస్తాను. రాత్రంతా ఆగిన బండిలో 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4కి దిగితే చార్జింగ్ పెట్టించాలి. 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తుండగా చాలా బళ్లలో 14కి అటూఇటూ చూపించాలి. అంతకు బాగా తక్కువుంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఆల్టర్నేటర్‌ని అనుమానించాలి. మూతలున్న రకమైతే పలకలు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలి. ఆర్వో నీళ్లు చాలవా అని అడుగుతారు. చాలవు, వాటిలోనూ లవణాలు మిగులుతాయి. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూసిన పొడిని గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో కడిగితే పోతుంది. ఆ నీరు మూతల్లోకి దిగకూడదు. తుడిచాక కాస్త వ్యాస్‌లీన్. కళ్లకి అద్దాలు తప్పనిసరి, అది సల్ఫ్యూరిక్ యాసిడ్.

చార్జ్ అవుతున్న బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో వారాలు కదలని కారుకి పక్క కారు నుంచి కేబుళ్లు తగిలించేటప్పుడు నేను పట్టుబట్టేది ఇందుకే. ఎరుపు ముందు చచ్చిన బ్యాటరీకి, తర్వాత మంచిదానికి. నలుపు ముందు మంచిదానికి. ఆఖరి క్లిప్పు మాత్రం చచ్చిన బ్యాటరీ మీద కాదు, దానికి దూరంగా ఆ కారు ఇంజను లోహానికి. చిన్న రవ్వ ఎగిరేది ఆ ఆఖరి క్లిప్పు దగ్గరే. అది గ్యాసుకి దూరంగా ఎగరాలి.

సెల్ఫ్ కొడితే టకటకా వరసగా కొట్టుకుంటే బ్యాటరీ నీరసం, లేదా టెర్మినల్ వదులు. ఒకే ఒక్క టక్ వినిపించి ఊరుకుంటే సోలెనాయిడ్‌నో మోటారునో అనుమానించాలి. తాళం పట్టుకుని వేలాడొద్దు. పది సెకన్లకి మించి తిప్పితే మోటారు కాలుతుంది, ఓ నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించాలి.

జాకీ గురించి ఒక మాట. గేరులో పెట్టాం, ఎక్కడికి కదులుతుందిలే అనుకుంటారు. ముందు చక్రాలు లాగే కారులో ముందు చక్రం ఒకటి గాల్లోకి లేస్తే డిఫరెన్షియల్ దాన్ని తిరగనిస్తుంది, గేరు పట్టు పోతుంది. అప్పుడు బండిని ఆపేది హ్యాండ్ బ్రేకూ, వెనక చక్రం కింద పెట్టిన రాయీ. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కింద తల పెట్టడం ఎవరికీ తగదు. యాక్సిల్ రబ్బరు బూటు చిరిగిందేమో చూడాలన్నా స్టీరింగు పూర్తిగా తిప్పి పక్కనుంచి తొంగిచూస్తే సరిపోతుంది. గ్రీజు చిమ్మిన మరకలే చెబుతాయి.

వీటన్నిటికంటే నాకు భయం కలిగించేది పల్లెల్లో ట్రాక్టరు దగ్గర. తాళంతో స్టార్ట్ కాకపోతే పక్కన నేల మీద నిలబడి, స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు బోల్టులు రెండూ కలిపేస్తారు. రవ్వలు లేస్తాయి, ఇంజను అందుకుంటుంది, చూసేవాళ్లు పనిమంతుడంటారు. క్లచ్ నొక్కితే తప్ప కరెంటు వెళ్లనివ్వని స్విచ్చు ఉన్నా, ఆ స్క్రూడ్రైవరు దాన్ని దాటేసింది. బండి గేరులో ఉంటే అందుకున్న ఇంజను ఆగదు. సెల్ఫ్ మోటారు ఉండేది పెద్ద చక్రానికి ముందు, మనిషి నిలబడేదీ అక్కడే. పక్కకి తప్పుకునే వ్యవధి ఉండదు.

సోలెనాయిడ్ మార్పించడానికి ఒక పూట పడుతుంది. కోతల రోజుల్లో ఆ పూట దొరకదంటారు, ఒప్పుకుంటాను. కానీ చాలాసార్లు ఆ సెల్ఫ్ కోతలకు ముందు నుంచే మొరాయిస్తూ ఉంటుంది.