నేటాల్ ప్రభుత్వం, క్రైస్తవ ప్రచారకులు: ఒక విమర్శ

వలసపాలనను గురించి వ్రాసేవారు తరచుగా ఒక మాట అంటూ ఉంటారు: ముందు పాదిరీ వచ్చాడు, వెనుక పటాలం వచ్చింది, ఇద్దరిదీ ఒకే పని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని దక్షిణాఫ్రికాలోని నేటాల్ చరిత్రను నిష్పాక్షికంగా పరిశీలిస్తే ఇది సగం నిజమేనని తేలుతుంది. అక్కడి పాలకుడు పాదిరీని వాడుకున్నాడు, అతనిని చూసి భయపడ్డాడు కూడా.

నేటాల్ 1843లో బ్రిటిష్ వారి వశమైంది. 1893లో స్వపరిపాలన వచ్చినప్పుడు అధికారం అక్కడ స్థిరపడిన కొద్దిమంది తెల్లవారికే దక్కింది. దేవుని ముందు మానవులంతా సమానులన్న బోధ నల్లవారి నోట వినబడడం వారికి కంటగింపయింది. అందుచేత 1900 తరువాతి సంవత్సరాలలో, మిషన్ భూములలో ఆఫ్రికన్ బోధకుడు తెల్ల మిషనరీ పర్యవేక్షణలోనే పనిచేయాలని ప్రభుత్వం పట్టుబట్టింది. 1906లో తలపన్నుకు వ్యతిరేకంగా బంబాతా నాయకత్వాన జూలూలు తిరగబడ్డారు. నేరం చదువుకున్న క్రైస్తవుల మీద, స్వతంత్ర ఆఫ్రికన్ చర్చీల మీద మోపబడింది. ఆ ఏడే పాస్టరు జాన్ డూబే తన పత్రికలో వచ్చిన రచనకు గవర్నరు ఎదుట సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. 1912లో ఆఫ్రికన్ జాతీయ కాంగ్రెసుకు తొలి అధ్యక్షుడైనది ఆయనే.

ఈ చరిత్రలో తెలుగువారికీ భాగముంది. 1860-1911 మధ్య మన దేశం నుంచి లక్షన్నర మందికి పైగా ఒప్పంద కూలీలు నేటాల్ చేరారు. వారిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఉన్నారు. 1903లో నెల్లూరు నుంచి వెళ్ళిన జాన్ రంగయ్య కియర్స్‌నీ తేయాకు తోట వద్ద తెలుగు బాప్టిస్టు సంఘాన్ని నెలకొల్పాడు. ఆయనను పంపినవారు తెలుగు బాప్టిస్టులే. అయితే యజమాని చీటీ లేనిదే కూలీ తోట దాటరాదు. మసీదుకు పోవాలన్నా చర్చికి పోవాలన్నా దొర దయ తప్పనిసరి.

మిషనరీల లోపాన్ని కూడా దాచనవసరం లేదు. పాఠశాలల కోసం వారు ప్రభుత్వ గ్రాంటుపై ఆధారపడ్డారు. 1953 నాటి బంటూ విద్యా చట్టంతో ప్రభుత్వం ఆ పాఠశాలలను తన చేతిలోకి తీసుకోజూసినప్పుడు చాలా మిషన్లు ఎదిరించి నిలువలేకపోయాయి. కథోలికులు మాత్రం గ్రాంటు పోయినా తమ బడులను నిలుపుకోవడానికి పూనుకున్నారు.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట అని మంచిర్యాల ప్రాంతపు పాఠకులు అనుకోరాదు. సభ జరపాలంటే ముందుగా సర్కారు అనుమతి పొందాలన్న గస్తీ నిషాన్ 53 నిజాం ఏలుబడిలో అమలైనదే. పాలకుడు ముస్లిం అయినంత మాత్రాన ఆ ఆంక్ష న్యాయం కాజాలదు. ఆంక్షకు గురైనవాడు పరమతస్థుడైనంత మాత్రాన నేటాల్ ఆంక్ష కూడా న్యాయం కాజాలదు. మన బోధకునికి ఏ స్వేచ్ఛ కోరుతామో ఇతరుల బోధకునికీ దానినే కోరాలి. వలసపాలనపై మన విమర్శ ఈ న్యాయానికి కట్టుబడినప్పుడే దానికి విలువ ఉంటుంది.