అట్టడుగు వరుస

2003 జనవరి 16న కొలంబియా షటిల్ నింగికెగసిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుంచి నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే, ఆ దెబ్బ ఎంత ప్రమాదకరమో తేల్చే పని బోయింగ్ ఇంజినీర్ల మీద పడింది. వాళ్లు తమ విశ్లేషణను పవర్‌పాయింట్ స్లైడ్లుగా నాసాకు ఇచ్చారు. అందులో ఒక స్లైడ్‌ను నివేదికలు రాసే ప్రతివాళ్లూ చదివి తీరాలి.

ఆ స్లైడ్ శీర్షిక సారాంశం: రక్షణ పలకలు ఎంతవరకు దెబ్బతింటాయన్న విషయంలో మన అంచనాలు జాగ్రత్త వైపే మొగ్గి ఉన్నాయని పరీక్షలు చెబుతున్నాయి. తీరికలేని అధికారి ముందు చదివేది శీర్షికే. అక్కడే మనసు కుదుటపడుతుంది. అసలు సంగతి స్లైడ్ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఊడిపడిన దాని అంచనా 1,920. అంటే 640 రెట్లు! రెండు అంకెలూ స్లైడ్‌లో ఉన్నాయి, ఈ 640 మాత్రం లేదు. ఆ భాగహారం చదివేవాళ్లే చేసుకోవాలి. ఇప్పటి పరిస్థితి పరీక్షల పరిధికి చాలా దూరంగా ఉందన్న వాక్యమూ ఆ అడుగునే ఉంది.

ఇంజినీర్లు అబద్ధం రాయలేదు. ఈ కాలమిస్టు ఆ స్లైడ్‌ను ఎన్నిసార్లు చూసినా ఆగిపోయేది ఇక్కడే. ప్రతి వాక్యం విడిగా చూస్తే సరైనదే. వాటి వరుస మాత్రం ధైర్యం చెప్పింది.

నివేదికల విశ్లేషణలో దిట్ట ఎడ్వర్డ్ టఫ్టీ ఇంకో లోపం పట్టుకున్నారు. ‘గణనీయం’ అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాట ఆ ఒక్క స్లైడ్‌లో అయిదుసార్లు వచ్చింది, ఒక్కోచోట ఒక్కో అర్థంలో. ఈ జబ్బు తెలుగు సిద్ధాంత గ్రంథాలకూ ఉంది. గణాంకశాస్త్రంలో ‘గణనీయం’ అంటే అలాంటి ఫలితం కేవలం కాకతాళీయంగా రావడం అరుదని. పత్రికల్లో అదే మాటకు ‘బాగా ఎక్కువ’ అని అర్థం. ఒకే పేజీలో రెండూ కలిస్తే పాఠకుడు తనకు నచ్చినదే తీసుకుంటాడు. అంకె వేయగలిగిన చోట ఆ విశేషణం అక్కర్లేదు.

ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కొలంబియా ముక్కలైంది. కల్పనా చావ్లా సహా ఏడుగురు మరణించారు. ఆ స్లైడే ప్రాణాలు తీసిందనడం న్యాయం కాదు. రెక్కను కక్ష్యలోనే ఫొటోలు తీయించాలని ఇంజినీర్లు కోరితే, ఆ కోరిక పైస్థాయిలో ఆగిపోయింది. అయితే అదే ఏడాది ఆగస్టులో వచ్చిన దర్యాప్తు నివేదిక టఫ్టీ విశ్లేషణకు చోటిచ్చింది. ప్రమాద కారణాలు వెతికినవాళ్లు వాక్యాల అమరికను కూడా పట్టించుకున్నారన్నమాట.

ఆచితూచి రాయడం తప్పని దీని అర్థం కాదు. 1953 ఏప్రిల్ 25న ‘నేచర్’ పత్రికలో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణం గురించి రాసిన చిన్న వ్యాసం ‘సూచించదలిచాం’ అనే వినయంతోనే మొదలవుతుంది. కానీ ఏం సూచిస్తున్నారో ఆ మొదటి వాక్యంలోనే ఉంది. వినయం మాట తీరుకే పరిమితం, విషయం మాత్రం ముందు వరుసలోనే నిలిచింది.

మన దరఖాస్తుల సంగతి చూడండి. ‘తమరికి మనవి చేయునది ఏమనగా’ అని మొదలై, ఊరూ పేరూ, పాత ఉత్తరాల తేదీలూ, అయిన జాప్యమూ అన్నీ దాటాకగానీ కోరిక బయటపడదు. మర్యాద కోసం వచ్చిన పద్ధతి అది. మర్యాదను ఉంచుకుంటూనే కోరికను మొదటి వాక్యంలోకి తేవచ్చు: ‘మా వీధి మంచినీటి పైపు పగిలింది, మరమ్మతు చేయించగలరు’. తేదీలు ఆ తర్వాత.

ఈసారి నివేదిక పంపే ముందు దాని అట్టడుగు వరుస ఒకసారి చదవండి. అది శీర్షికను కాదంటుంటే, శీర్షిక మార్చి పంపండి.