ఛాయాచిత్రం – సందర్భకథ: చాటువు వెలుగులో ఒక పరిశీలన

చాటుపద్యం ఒంటరిగా ప్రయాణం చేయదు. పద్యం చదివేవారు ముందుగా ‘ఒకనాడు రాయలవారి కొలువులో’ అంటూ సందర్భం చెబుతారు, ఆపైన పద్యం ఎత్తుకుంటారు. ఆ కథను తీసివేస్తే చాలా చాటువుల్లో చమత్కారం మిగలదు, కొన్నింటిలో అర్థమే మిగలదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లు 1998లో వెలువరించిన చాటుపద్యాల ఆంగ్ల సంకలనంలో పద్యాన్ని కథతో కలిపే పరిశీలించారు. కథ పద్యానికి పీఠిక కాదు, పాఠంలో భాగమే అన్న అవగాహన అప్పటినుంచి చాటు విమర్శలో బలపడింది. ఒకే ఇతివృత్తం చుట్టూ ఛాయాచిత్రాలను కూర్చి, ఒక్కొక్కదాని వెనుక కథతో సహా ప్రజలముందు ఉంచే ప్రక్రియను అర్థం చేసుకోవడానికి ఈ అవగాహన ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ చాలదో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు ఎంచుకున్న పాఠం పి. సాయినాథ్ ఛాయాచిత్ర ప్రదర్శన ‘విజిబుల్ వర్క్, ఇన్విజిబుల్ విమెన్’. కనిపించే పని, కనిపించని స్త్రీలు అని దీన్ని చెప్పుకోవచ్చు. 1993–2002 మధ్య 10 రాష్ట్రాల్లో గ్రామీణ స్త్రీల శ్రమను తీసిన చిత్రాలివి. విశ్వవిద్యాలయాల్లోనే కాక బస్ స్టేషన్లలో, రైల్వే స్టేషన్లలో, కర్మాగారాల గేట్ల దగ్గర కూడా వీటిని ప్రదర్శించారు. తర్వాత ‘పరి’ గ్రామీణ భాండాగారంలో చేర్చారు.

ఇతివృత్తం ఇక్కడ చేసే పని గమనించదగినది. నాట్లు వేసే స్త్రీ నడుము వంచి ఉన్న చిత్రాన్ని విడిగా చూస్తే అది పల్లె అందమే. మన క్యాలెండర్లు దశాబ్దాలుగా ఆ దృశ్యాన్ని అలాగే అచ్చువేస్తున్నాయి. అయితే ఈ ప్రదర్శనలోని ఒక భాగం వంగి చేసే పనులనే వరుసగా పేరుస్తుంది. రెండో చిత్రం దగ్గరే మొదటిదాని అందం సన్నగిల్లుతుంది. ఆ తర్వాత కంటికి కనిపించేది జీవితకాలం నిటారుగా నిలబడనివ్వని పని. ఏ ఒక్క చిత్రమూ చెప్పని మాట వరుస చెబుతుంది. శతకంలో మకుటం చేసే పనికి ఇది దగ్గర అనిపించినా, ఆ పోలికను నేను ఎక్కువ దూరం తీసుకుపోను.

కథ చేసే పని వేరు. ఆంధ్రప్రదేశ్ ఇటుక బట్టీల్లో ఒడిశానుంచి వలస వచ్చిన స్త్రీలు తలమీద వేడి ఇటుకలతో, కాళ్లకు చెప్పులు లేకుండా వాలు ఎక్కుతున్న చిత్రం ఉంది. బయట ఎండ 49 డిగ్రీలనీ, రోజంతటికీ కూలి 10–12 రూపాయలనీ వ్యాఖ్య చెబుతుంది. వేడిని కెమెరా పట్టలేదు, కూలిని అసలే పట్టలేదు. చూపుకు అందనివాటిని అందించడమే ఇక్కడ కథ పని. చాటువు సందర్భకథ చేసేదీ ఇంతే.

రాయగడ చిత్రం దగ్గర ఈ పోలిక తెగిపోతుంది. ఆసామి కెమెరాముందు ఠీవిగా, నిటారుగా నిలబడ్డాడు. వెనుక స్త్రీలు వరుసగా వంగి నాట్లు వేస్తున్నారు. రోజుకు 40 రూపాయలు ఇస్తున్నానని ఆయన చెప్పాడు. ఇచ్చింది 25 మాత్రమేనని ఆ తర్వాత స్త్రీలు చెప్పారు. అంటే ఈ ఒక్క చిత్రం వెనుక ఉన్న కథలు రెండు. మొదటిది ఛాయాచిత్రకారుడికి ఎదురుగా, చిత్రం తీసే వేళ చెప్పినది; రెండోది ఆసామి చెవిన పడకుండా చెప్పినది. వ్యాఖ్య రెండింటినీ పక్కపక్కన నిలిపింది. మధ్యనున్న 15 రూపాయలే ఆ చిత్రానికి అర్థం. అది తెలిశాక మళ్లీ చూస్తే ఆసామి ఠీవి మారిపోతుంది. సాధారణంగా చాటుకథకు ప్రతికథ ఉండదు. భోజుని కొలువులో కాళిదాస భవభూతులను ఒకచోట కూర్చోబెట్టిన కథ కాలానికి నిలవదని తెలిసినా, దానివల్ల కూలి పోగొట్టుకునేవారు ఎవరూ లేరు గనుక ఆనందంగా వింటాం. ఛాయాచిత్రం వెనుక కథకు ఆ స్వేచ్ఛ లేదు. చిత్రంలో ఉన్న మనిషి ఎక్కడో ఉన్నారు, అది అబద్ధమని చెప్పగలరు. అందువల్ల ‘ఈ కథ ఎవరు చెప్పారు, ఎవరి ఎదుట చెప్పారు’ అన్న ప్రశ్న ఇక్కడ పాఠ విమర్శలో మొదటి ప్రశ్న కావాలి.

ఈ గీటురాయిమీద సాయినాథ్ వ్యాఖ్యలకూ లోపం కనిపిస్తుంది. ఆ నాట్ల స్త్రీలకు పేర్లు లేవు. వారి మాట ఒక అంకెగా, ఛాయాచిత్రకారుడి వాక్యంలో, మనదాకా వచ్చింది. పేరు చెబితే మరుసటి రోజు పని పోయే ప్రమాదం ఉందన్న సమాధానం న్యాయమైనదే. ఆసామి పేరు కూడా లేదు గనుక పక్షపాతమనీ అనలేం. అయినా అదృశ్యతనే ఇతివృత్తంగా తీసుకున్న ప్రదర్శనలో ఈ మౌనం ఇబ్బంది పెడుతుంది. చాటువు తప్పుడు పేరైనా సరే కవికి ఒక పేరు ఇస్తుంది. ఇక్కడ కథ నిజం, మనిషికి పేరు లేదు.

ఇది సాయినాథ్‌ను మాత్రమే అడగవలసిన మాట కాదు. జానపద సాహిత్యంమీద మన శాఖల్లో వచ్చే సిద్ధాంత గ్రంథాల అనుబంధాలు తిరగేస్తే ఛాయాచిత్రాలకింద ఎక్కువగా కనిపించే వ్యాఖ్య ‘సమాచారదాతతో పరిశోధకుడు’. పాట పాడిన మనిషి పేరు పట్టికలో మరెక్కడో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. నా ఎం.ఫిల్. వ్యాసంలోనూ అటువంటి చిత్రాలు నాలుగు ఉన్నాయి. మూడింటిలోని గాయకురాళ్ల పేర్లు క్షేత్రపర్యటన పుస్తకంలో దొరికాయి. నాలుగో చిత్రంలో నా పక్కన కూర్చున్న వృద్ధురాలు పాడిన పాట మొత్తం నా దగ్గర ఉంది, ఆమె పేరు లేదు.